కంపెనీ కాదన్న కంప్యూటరు

బెంగళూరు బెళ్ళందూరులో ఉండే తెలుగు కుర్రాళ్ల గదుల్లో మామూలుగా రెండు లాప్‌టాప్‌లుంటాయి. ఒకటి ఆఫీసు ఇచ్చింది. పొద్దున్నే బ్యాగులో పడి ఎకోస్పేస్‌కో, ఎంబసీ టెక్‌విలేజ్‌కో వెళ్లి రాత్రికి తిరిగొస్తుంది. రెండోది సొంతది. ఇంజినీరింగ్‌లో ఉన్నప్పుడు నాన్న కొనిచ్చిందో, ఉద్యోగాల వేటకొచ్చాక ఎస్.పి. రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నదో అయ్యుంటుంది. ఆన్‌లైన్ కోర్సులు, కోడింగ్ ప్రాక్టీసు, ఇంటర్వ్యూలు, ఆదివారం సినిమా, ఊళ్లో అమ్మతో వీడియో కాల్, అన్నీ దాని మీదే. ఈ అధ్యాయం ఆ రెండోదాని కోసం.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఆపేసింది. సరే, విండోస్ 11కి మారదామని చూస్తే, ఈ పీసీకి కనీస అర్హతలు లేవని ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. అప్పుడు పీజీలో పక్క గది కుర్రాడొచ్చి అడిగేది ఒకటే.

"అన్నా, నా సిస్టమ్ ఇంక పనికిరాదంట. కొత్తది కొనాల్నా?"

"కొనే పనిలేదు తమ్ముడూ. దీనిమీద విండోస్ 11 ఎక్కుతుంది, లేకుంటే లినక్స్ ఎక్కుతుంది. కానీ నువ్వు ఇంకో ఉద్యోగం ఒప్పుకోవాల. ఇంకమీద ఈ సిస్టమ్‌కి సర్వీస్ ఇంజినీరువి నువ్వే."

నేను చెప్పదలచుకున్నదంతా ఆ చివరి మాటలో ఉంది. సపోర్ట్ లేని ఓఎస్ ఎక్కించడం ఒక మధ్యాహ్నం పని. దాన్ని మూడేళ్లు చూసుకోవడం అసలు పని. ఆ రెండో పనికి సిద్ధపడ్డవాళ్లే మొదటిదానికి పూనుకోవాలి. ఇది కష్టమైన విద్యేం కాదు. బీకాం చదివినవాళ్లూ, చిన్న కొట్టు నడిపేవాళ్లూ చేసుకుంటున్నారు. కావాల్సింది ఓపిక, వరస తప్పకుండా చేయడం.

అన్నిటికంటే ముందు ఒక హద్దు. ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్ జోలికి పోవద్దు. దాని ఓఎస్, బయోస్ సెట్టింగులు కంపెనీ ఐటీ విభాగానివి. బూట్ మెనూలోకి వెళ్లి పెన్‌డ్రైవ్ పెట్టడం కూడా సెక్యూరిటీ పాలసీ ఉల్లంఘనే అవుతుంది. సరదాకి చేసిన ప్రయోగం ఉద్యోగానికే ఎసరు పెడుతుంది.

కాదన్నది ఎవరు?

"ఇది కుదరదు" అనే జవాబు మూడు చోట్ల నుంచి రావచ్చు. ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోకుండా పెన్‌డ్రైవ్ చేతిలోకి తీసుకోవద్దు.

మొదటిది కంపెనీ జాబితా. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ అయితే రైజెన్ 2000 సిరీస్ నుంచి మాత్రమే విండోస్ 11 అని మైక్రోసాఫ్ట్ 2021లో గీత గీసింది. ఏడో తరంలో ఏవో కొన్నిటికే మినహాయింపు. మీది ఆరో తరం ఐ5 అయితే, 8 జీబీ ర్యామ్, మంచి ఎస్ఎస్‌డీ ఉన్నా జాబితాలో పేరుండదు. ఇక్కడ అడ్డుపడేది ఇన్‌స్టాలేషన్ మొదట్లో జరిగే తనిఖీ. అది దాటితే లోపల విండోస్ మామూలుగానే నడుస్తుంది.

రెండోది ప్రాసెసర్‌లోనే ఉన్న లోటు. 2024 అక్టోబరులో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11కి పాప్‌కౌంట్, ఎస్ఎస్ఈ 4.2 అనే ఆదేశాలు అర్థమయ్యే ప్రాసెసర్ కావాలి. ఇంటెల్‌లో 2008లో మొదలైన తొలి తరం కోర్ ఐ చిప్‌ల నుంచి ఇవి ఉన్నాయి. కోర్ 2 డ్యుయోలో లేవు. లేని చిప్ మీద ఏ కిటుకూ పనిచేయదు, సిస్టమ్ బూటే అవదు. కోర్ 2 డ్యుయో ఉన్నవాళ్లు విండోస్ 11 ఆశ వదులుకుని నేరుగా లినక్స్‌కి వెళ్లండి.

మూడోది డ్రైవర్లు. వేలిముద్ర రీడరు, పాత వైఫై కార్డు, పాత గ్రాఫిక్స్ చిప్‌లాంటి వాటికి తయారీదారు కొత్త డ్రైవర్లు రాయడం ఎప్పుడో మానేసి ఉండొచ్చు. చాలావరకు విండోస్ 10 డ్రైవర్లే 11 మీదా పనిచేస్తాయి. పనిచేయనివి ఏమిటో మీ మోడల్ పేరుతో వెతికి ముందే తెలుసుకోండి.

ఈ మూడూ కాకుండా నాలుగో సంగతి ఒకటుంది, చాలామంది ఇక్కడే మోసపోతారు. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 చిప్ లేదని సిస్టమ్ చెబుతుంది, నిజానికి అది ఉంటుంది, ఆఫ్‌లో ఉంటుంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని కొట్టి చూడండి. అనుకూలమైన టీపీఎం కనిపించలేదని వస్తే, కింద 'మొదటి పని'లో చెప్పినవన్నీ పూర్తిచేసుకున్నాక, లాప్‌టాప్ ఆపి మళ్లీ ఆన్ చేస్తూ బయోస్‌లోకి వెళ్లండి. డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1. సెక్యూరిటీ అనే విభాగంలో ఇంటెల్ మిషన్లలో పీటీటీ అనీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనీ ఒక వరస ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చేసి, సేవ్ చేసి బయటికి రండి. మీ ప్రాసెసర్ ఎనిమిదో తరమో ఆ తర్వాతదో అయితే, ఈ ఒక్క మార్పుతోనే విండోస్ 11 రాజమార్గంలో వచ్చేయొచ్చు. అప్పుడు మీకు దొడ్డిదారి అక్కర్లేదు.

విండోస్ 11 సెక్యూర్ బూట్ కూడా అడుగుతుంది. బయోస్ మోడ్ లెగసీ అని ఉంటే అది ఆన్ అవదు. డిస్కు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటుంది కాబట్టి దాన్ని ముందు జీపీటీలోకి మార్చాలి. అందుకు ఎంబీఆర్‌టూజీపీటీ అనే పనిముట్టు విండోస్ 10లోనే ఉంది. డేటా పోకుండానే మారుస్తుంది. అయినా బ్యాకప్ లేకుండా దాన్ని నడపొద్దు.

గీత వెనక ఉన్న కారణం

కంపెనీ కొత్త లాప్‌టాప్‌లు అమ్ముకోడానికే ఈ గీత గీసిందని చాలామంది కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. టీపీఎం అనేది డిస్కుకి తాళం వేసే కీలను విడిగా దాచే చిప్. సెక్యూర్ బూట్ అనేది ఓఎస్ లేవకముందే దూరే వైరస్‌లను ఆపే తనిఖీ. మెమరీ ఇంటెగ్రిటీ అనే మరో రక్షణ ఉంది. దాన్ని తేలిగ్గా నడిపే ఏర్పాటు ఇంటెల్‌లో ఏడో తరం నుంచే చిప్‌లో ఉంది. ఆరో తరంలో ఆ పనిని సాఫ్ట్‌వేర్‌తో చేయించాలి కాబట్టి సిస్టమ్ నెమ్మదిస్తుంది. 2021 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ తన పరీక్షల లెక్క చెప్పింది. అర్హత లేని మిషన్లలో కెర్నల్ స్థాయి క్రాష్‌లు 52 శాతం ఎక్కువ వచ్చాయని, అర్హత ఉన్నవాటిలో 99.8 శాతం క్రాష్ లేకుండా నడిచాయని. అది కంపెనీ సొంత లెక్కే, అయినా పక్కన పెట్టేయదగ్గది కాదు. మీరు దాటుతున్న గీత దేన్ని కాపాడుతోందో తెలిసి దాటాలి.

దాటనక్కర్లేని దారి కూడా ఒకటుంది. విండోస్ 10 వాడే మామూలు వినియోగదారులకు మైక్రోసాఫ్ట్ ఈఎస్‌యూ అనే పొడిగింపు ఇచ్చింది, 2026 అక్టోబరు 13 దాకా. వెర్షన్ 22హెచ్2 అయ్యుండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. సెట్టింగులను విండోస్ బ్యాకప్‌తో సింక్ చేస్తే ఉచితం. అది ఇష్టం లేకపోతే 1000 రివార్డ్ పాయింట్లో, 30 డాలర్లో ఇవ్వాలి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అనే లింకు కనిపిస్తుంది. ఇంటర్వ్యూలు దగ్గర పడ్డవాళ్లు, ప్రాజెక్టు మధ్యలో ఉన్నవాళ్లు ఇప్పుడు ఏమీ కదపకుండా ఈ పొడిగింపు తీసుకోవడమే తెలివైన పని. పరీక్ష ముందు రోజు ఫార్మాట్ కొట్టేవాడు ధైర్యవంతుడేం కాదు.

పారేయడం గురించి కూడా ఒక మాట. ఈ చుట్టుపక్కల ఉండేవాళ్లం దాన్ని తేలిగ్గా తీసుకోలేం. బెంగళూరులోకెల్లా పెద్దదైన బెళ్ళందూరు చెరువు నురగ కక్కి రోడ్డు మీదికి రావడం, 2017 ఫిబ్రవరిలో, మళ్లీ 2018 జనవరిలో దాంట్లో మంటలు లేవడం అందరికీ గుర్తే. దానికి ముఖ్య కారణం శుద్ధి చేయని మురుగునీరు, లాప్‌టాప్‌లు కావు. కానీ మనం వదిలించుకున్నది ఎక్కడికీ పోదని ఆ చెరువు పక్కన బతికినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం చచ్చిన ఎలక్ట్రానిక్ సామాను అనుమతి ఉన్న రీసైక్లర్లకే చేరాలి. చావని లాప్‌టాప్‌ని చంపకుండా ఉండటం అంతకంటే ముందు చేయదగ్గ పని.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకి

ఔటర్ రింగ్ రోడ్డు కంపెనీలు కొన్నేళ్లకోసారి లాప్‌టాప్‌లు మారుస్తాయి. వాడేసినవి టోకున అమ్ముడుపోయి, తుడిచి, బ్యాటరీ మార్చుకుని మార్కెట్‌కి వస్తాయి. థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు, ఎలైట్‌బుక్‌లు. గట్టి మిషన్లు, కీబోర్డు బాగుంటుంది, విడిభాగాలు దొరుకుతాయి. వీటిలో చాలావి కంపెనీ సపోర్ట్ గీతకి అవతలి వైపు ఉండటం వల్ల కూడా ధర దిగుతుంది. ఆ గీతని దాటగలిగినవాడికి ఇవి మంచి బేరం.

బేరం కుదిరేలోగా దుకాణంలోనే రెండు పనులు చేయించండి. బయోస్‌లోకి వెళ్లమనండి. పాస్‌వర్డ్ అడిగితే వద్దనేయండి. పాత కంపెనీ పెట్టిన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ తీయించడం మీ వల్ల కాదు. రెండో పని ఇంకా ముఖ్యం. దుకాణదారు వేసిచ్చిన విండోస్‌తో తృప్తిపడకుండా, ఇంటర్నెట్ కలిపి విండోస్‌ని రీసెట్ చేయించి మొదటి తెర దాకా రానివ్వండి. కొన్ని లాప్‌టాప్‌లు సరిగ్గా అక్కడే పాత కంపెనీ పేరు చూపించి, ఆఫీసు ఈమెయిల్‌తో లాగిన్ అవ్వమంటాయి. ఆటోపైలట్ అనే పద్ధతిలో ఆ మిషన్ గుర్తులు ఇంకా ఆ కంపెనీ ఖాతాలోనే నమోదై ఉన్నాయన్నమాట. ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ఆ తెర మళ్లీ వస్తుంది. ఆ కంపెనీ తన జాబితాలోంచి తీసేస్తే తప్ప అది పోదు. అలాంటిది ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు.

మొదటి పని

బ్యాకప్. దీనికి ఎన్ని మాటలు ఖర్చుపెట్టినా తక్కువే. సర్టిఫికెట్ల స్కాన్లు, మార్కుల మెమోలు, పెళ్లి ఫొటోలు, కోడ్, రెజ్యూమె, అన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి తీయండి. తీశాక ఆ డిస్కుని వేరే లాప్‌టాప్‌కి తగిలించి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ బ్యాకప్ కాదు. అతిముఖ్యమైనవి ఇంకో చోట, క్లౌడ్‌లోనో ఊళ్లో అన్నయ్య దగ్గరో, రెండో కాపీ ఉండాలి. 2022 సెప్టెంబరులో వానలకి ఔటర్ రింగ్ రోడ్డు, బెళ్ళందూరు చుట్టుపక్కలంతా మునిగినప్పుడు కింది అంతస్తుల్లోకి నీళ్లొచ్చాయి. లాప్‌టాప్, దాని బ్యాకప్ డిస్కు ఒకే అలమరలో ఉంటే రెండూ ఒకేసారి తడుస్తాయి.

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, ఈ మూడూ సి డ్రైవ్‌లోనే ఉంటాయి. ఫార్మాట్ కొడితే పోయేది ముందు అవే. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, వాట్సాప్ డెస్క్‌టాప్ నుంచి దించుకున్న ఫైళ్లు, ఆఫీసు సూట్ లైసెన్స్ నంబరు కూడా చూసుకోండి.

రెండోది బిట్‌లాకర్. చాలా లాప్‌టాప్‌లలో, ముఖ్యంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవాటిలో, మనం అడక్కుండానే డిస్కు తాళం పడి ఉంటుంది. మీరు బయోస్‌లో టీపీఎంనో, సెక్యూర్ బూట్‌నో కదిపిన మరుక్షణం నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో దాచి ఉంటుంది. బయోస్ ముట్టుకోకముందే దాన్ని కాగితం మీద రాసిపెట్టుకోండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి ముందుకెళ్తే ఇంకా మంచిది. బయోస్‌లో క్లియర్ టీపీఎం అనే వరస కనిపిస్తుంది. కీ చేతిలో లేకుండా దాన్ని నొక్కితే ఆ డిస్కులోవి ఎవరూ తిరిగి తీయలేరు.

తెలుగు పని చేసేవాళ్లకి విడిగా ఒక జాగ్రత్త. డీటీపీ కొట్లలో అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్ ఇప్పటికీ నడుస్తున్నాయి. అను ఫాంట్లలో కొట్టింది యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు పొంతన లేని గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి ఓఎస్ మార్చేలోపే ముఖ్యమైన పుస్తకాలను, శుభలేఖల మూసలను యూనికోడ్‌లోకి మార్చి దాచండి, పీడీఎఫ్‌లు కూడా తీసిపెట్టండి. ఆ సాఫ్ట్‌వేర్ లేకుండా పూట గడవనివాళ్లు పాత సిస్టమ్‌ని ఇంటర్నెట్ లేకుండా అలాగే ఉంచుకుని, మిగతా పనులకి వేరేది వాడటం మేలు.

విండోస్ 11 ఎక్కించే తీరు

ఐఎస్ఓ ఫైలు మైక్రోసాఫ్ట్ సొంత సైట్‌ నుంచే దించండి. టెలిగ్రామ్‌లో తిరిగే ప్రీ-యాక్టివేటెడ్ కాపీలు, తేలికపరిచామని చెప్పే కాపీలు ముట్టుకోవద్దు. వాటిలో ఎవరు ఏం కలిపారో తేల్చే దారి మీకూ నాకూ లేదు. పైగా వాటి అవసరమూ లేదు. యాక్టివేట్ అయిన విండోస్ 10 ఉన్న మిషన్‌కి అదే ఎడిషన్ విండోస్ 11 లైసెన్స్ దానంతటదే వస్తుంది. హోమ్‌కి హోమ్, ప్రోకి ప్రో.

8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, రూఫస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఒకటి. రూఫస్‌లో ఐఎస్ఓ చూపించి స్టార్ట్ నొక్కగానే టిక్కులు పెట్టే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో మొదటి వరసే మనకు కావాల్సింది: 4 జీబీ ర్యామ్, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 నిబంధనలు తీసేయమనేది. ఆ కిందే బిట్‌లాకర్ దానంతటది పడకుండా ఆపే వరస కూడా ఉంటుంది. పీజీలో పదిమంది తిరిగే గదిలో ఉండే లాప్‌టాప్‌కి డిస్కు తాళం ఉండటమే మంచిదని నా అభిప్రాయం, కాబట్టి ఆ టిక్కు ఆలోచించి పెట్టండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుందని రూఫస్ హెచ్చరిస్తుంది, అది నిజమే.

ఇక్కడ రెండు దారులు చీలతాయి. నడుస్తున్న విండోస్ 10లోనే పెన్‌డ్రైవ్ తెరిచి సెటప్ నొక్కితే ప్రోగ్రాములు, ఫైళ్లు అలాగే ఉండి ఓఎస్ ఒక్కటే మారుతుంది. రూఫస్ 4.6 నుంచి ఈ దారిలోనూ తనిఖీని దాటిస్తుంది. నచ్చకపోతే పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి వెనక్కి రావచ్చు, డిస్క్ క్లీనప్‌తో పాత విండోస్ ఉండే విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్‌ని తుడిచేయకుండా ఉంటే. మొదటిసారి చేసేవాళ్లకి నేను ఈ దారే చెబుతాను.

చెత్త పేరుకుపోయి హ్యాంగ్ అవుతున్న సిస్టమ్‌కి మాత్రం మొత్తం తుడిచి కొత్తగా వేయడమే సరి. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి. డెల్, థింక్‌ప్యాడ్‌లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. భాష, కీబోర్డు అడిగాక ఒక తెర వస్తుంది: విండోస్ ఎక్కడ వేయాలి? ప్రమాదమంతా ఆ తెర మీదే. అక్కడ సి, డి అనే పేర్లు ఉండవు. డ్రైవ్ 0 పార్టిషన్ 1, పార్టిషన్ 2 అని వరసగా ఉంటాయి, పక్కన సైజు జీబీల్లో. డి డ్రైవ్‌లో ఫొటోలున్నవాళ్లు ముందే దాని సైజు రాసిపెట్టుకోవాలి, సైజుని బట్టే దాన్ని గుర్తుపట్టగలరు. పెన్‌డ్రైవ్ కూడా ఆ జాబితాలో డ్రైవ్ 1గా కనిపించొచ్చు. బ్యాకప్ డిస్కు తగిలించి ఉంటే అదీ కనిపిస్తుంది, అందుకే ముందే దాన్ని పీకి పక్కన పెట్టండి. ఆ తెర దగ్గర ఫోను తీయొద్దు, మాట్లాడొద్దు. చదివి, మళ్లీ చదివి, అప్పుడు డిలీట్ నొక్కండి.

చార్జర్ తగిలించే ఉంచండి. పాత బ్యాటరీ అరగంట కూడా ఆగదు, కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం.

పూర్తయ్యాక వైఫై కనిపించకపోతే కంగారొద్దు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఇంటర్నెట్ వస్తుంది. విండోస్ అప్‌డేట్ డ్రైవర్లు దించుకుంటుంది. మిగిలినవాటికి డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం ఉంటుంది. తయారీదారు సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్లి విండోస్ 10 డ్రైవర్లు వేయండి. సెట్టింగ్స్‌లో అర్హతలు లేవనే సూచన ఒకటి కనిపిస్తూ ఉండొచ్చు, దానివల్ల పని ఆగదు. మెమరీ ఇంటెగ్రిటీ వల్ల ఆరో తరం మిషన్ మరీ నీరసిస్తే దాన్ని ఆపొచ్చు, తట్టుకోగలిగితే ఉంచడమే నయం. వాలరెంట్ ఆడేవాళ్లకి మాత్రం నిరాశే. విండోస్ 11 మీద ఆ ఆట టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ లేనిదే తెరుచుకోదు.

లినక్స్ వైపు

కోడింగ్ నేర్చుకునేవాడి పాత లాప్‌టాప్‌కి లినక్స్ మింట్‌ని మించింది లేదని నేను నమ్ముతాను. మరీ పాతదైతే తప్ప ఇక్కడ మీ ప్రాసెసర్‌ని ఎవరూ కాదనరు. మింట్ 22 2024 జులైలో వచ్చింది, 2029 దాకా అప్‌డేట్‌లు వస్తాయి. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 జీబీ ఉంటే హాయి. అన్నిటికంటే గొప్ప సౌకర్యం, ఎక్కించకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. వైఫై, సౌండ్, కెమెరా, టచ్‌ప్యాడ్, మూత వేసి తీస్తే లేస్తుందా లేదా, అన్నీ అప్పుడే పరీక్షించండి. ఇన్‌స్టాలర్‌కి మీ డిస్కే కనిపించకపోతే బయోస్‌లో స్టోరేజ్ ర్యాయిడ్‌లో ఉండొచ్చు, ఏహెచ్‌సీఐకి మార్చాలి. అదే డిస్కులో విండోస్‌ని కూడా ఉంచుకోవాలనుకుంటే ఈ మార్పు తొందరపడి చేయొద్దు, విండోస్ లేవకుండా పోతుంది.

తెలుగు టైపింగ్‌కి ఐబస్‌లో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ లేఅవుట్లు దొరుకుతాయి. అనులో యాపిల్ కీబోర్డుకి అలవాటుపడ్డ చేతులకి మరీ కొత్తేం కాదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో గ్నూ/లినక్స్ తెచ్చింది, ఇంజినీరింగ్ కాలేజీల్లో యూజర్ గ్రూపులు నడిపింది. సీడాక్ బాస్ లినక్స్‌లోనూ తెలుగుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే పాఠాలు చెబుతున్నాయి. కాబట్టి ఇది నలుగురు నిపుణుల వ్యవహారం అనుకోవద్దు.

లినక్స్ సరిపడనివాళ్లూ ఉన్నారు. బెంగళూరులోనే పుట్టిన ట్యాలీ మీద లెక్కలు రాసేవాళ్లు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌తో జీఎస్‌టీ, ఆదాయపు పన్ను పనులు చేసేవాళ్లు, ఫొటోషాప్ లేనిదే పని నడవనివాళ్లు విండోస్‌లోనే ఉండండి.

ఆ తర్వాత ఏళ్లు

గీత దాటిన మిషన్‌కి నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఇప్పటిదాకా వస్తూనే ఉన్నాయి. ఇకముందూ వస్తాయని మైక్రోసాఫ్ట్ మాటివ్వలేదు. ఏటా వచ్చే పెద్ద వెర్షన్ మాత్రం దానంతటది రాదు. కొత్త ఐఎస్ఓ దించి, రూఫస్‌తో పెన్‌డ్రైవ్ చేసి, సెటప్ మళ్లీ నడపాలి. హోమ్, ప్రో ఎడిషన్లకి 24హెచ్2 గడువు 2026 అక్టోబరు 13, 25హెచ్2 గడువు 2027 అక్టోబరు 12. ఈ తేదీలు ఫోన్ క్యాలెండర్‌లో నెల ముందే మోగేలా పెట్టుకోండి. సర్వీస్ ఇంజినీరు ఉద్యోగం అంటే ఇదే.

ఇది ఎందుకు ముఖ్యమో 2017 మే నెల చెప్పింది. వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లను కూడా పట్టుకుంది. అది దూరిన కంతని పూడ్చే ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. వేసుకున్న కంప్యూటర్లను అది ఆ దారిన తాకలేకపోయింది. రెండు నెలలపాటు వేసుకోనివీ, సపోర్ట్ ముగిసిన పాత విండోస్‌తో నడుస్తున్నవీ దొరికిపోయాయి.

అందుకే ఎదుటివాళ్ల కంప్యూటర్ల విషయంలో నా తీర్పు వేరు. మీ సొంత లాప్‌టాప్‌కి విండోస్ 11 ఈ పద్ధతిలో నిరభ్యంతరంగా వేసుకోండి. అనంతపురంలోనో, నెల్లూరులోనో ఉన్న నాన్నగారి సిస్టమ్‌కి మాత్రం వేసి రావద్దు. ఏడాది తిరిగేసరికి దాన్ని అప్‌డేట్ చేసేవాళ్లు అక్కడ ఉండరు. ఆయన చేసేది న్యూస్ చదవడం, యూట్యూబ్ చూడటం, బ్యాంకు పని అయితే మింట్ వేసి, అప్‌డేట్‌లు వాటంతటవే పడేలా పెట్టి రండి. కొట్టులో బిల్లింగ్ చేసే సిస్టమ్ అయితే సపోర్ట్ ఉన్న మిషన్ కొనండి, ఆ ఖర్చు దండగ కాదు.

మీ విండోస్ 10 లాప్‌టాప్ ఇంకా అలాగే ఉండిపోయి ఉంటే, వచ్చే శనివారమే దానికి కేటాయించండి. పెన్‌డ్రైవ్ తర్వాత కొనొచ్చు. ముందు ఎక్స్‌టర్నల్ డిస్కు తెచ్చి బ్యాకప్ తీయండి, 48 అంకెల కీ రాసిపెట్టుకోండి. ఆ రెండూ అయ్యాకే బయోస్ తెరవండి.